మూడుసార్లు పిలిచిన నంబరు

1949 వేసవిలో మిర్యాలగూడ పాఠశాల నుంచి నన్ను సూర్యాపేట మెట్రిక్ పరీక్షా కేంద్రానికి ఇన్విజిలేటరుగా పంపారు. హైదరాబాదు సంస్థానం యూనియన్‌లో కలిసి ఏడాది కూడా కాలేదు. పైన అధికారులు మారారు గాని కింద కాగితాలు మారలేదు. హాజరీ పట్టీలు ఇంకా ఉర్దూలోనే ఉండేవి. నేను లెక్కల టీచరును, అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు. నియమం దగ్గర మొహమాటం లేనివాడినని నాకు పేరుండేది. ఆ పేరంటే నాకు ముద్దు కూడా.

పరీక్ష మొదలయ్యే ముందు హాజరీ తీసుకోవడం ఇలా ఉండేది. ఇన్విజిలేటరు నంబరు, పేరు పిలవాలి. అభ్యర్థి లేచి నిలబడి ‘హాజిర్’ అనాలి. మూడుసార్లు పిలిచినా పలక్కపోతే ఆ నంబరు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి గైర్ హాజరు అని రాయాలి. గైర్ హాజరు పడ్డవాడి జవాబు పుస్తకాన్ని హైదరాబాదులో ఎవరూ దిద్దరు. ఆ కాలంలో మా వైపు కాలేజీ లేదు. ఇంటర్మీడియట్ చదవాలంటే హైదరాబాదే పోవాలి, అక్కడికి గడప మెట్రిక్.

మొదటి రోజు, లెక్కల పేపరు నాడు, నా గదిలో ఒక నంబరు పలకలేదు. పేరు రామచంద్రం, ప్రైవేటు అభ్యర్థి. బడికి పోకుండా ఇంట్లో చదువుకుని రాసేవాళ్లను అలా అనేవాళ్లం. వాళ్లకు వెనక వరుసలు వదిలేశాం, బల్లల మీద నంబర్లు కూడా వేయలేదు. నేను పట్టీలోంచి తల ఎత్తకుండా మూడుసార్లు పిలిచాను. సున్నా చుట్టి ముందుకు పోయాను.

చివరి గంట కొట్టాక జవాబు పుస్తకాలు పోగుచేస్తే హాజరు లెక్క కంటే ఒకటి ఎక్కువ వచ్చింది. మళ్లీ లెక్కపెట్టాను, అంతే. పై పుస్తకం మీద రామచంద్రం నంబరు ఉంది. వెనక బల్ల మీద పంతొమ్మిదేళ్ల యువకుడు కూర్చుని, మెల్లగా ముందుకూ వెనక్కూ ఊగుతూ కిటికీ ఊచల్ని చూస్తున్నాడు. ఒకరి బదులు ఇంకొకరు రాశారనుకున్నాను. పేరు అడిగాను. పలకలేదు. గొంతు పెంచాను. అతను రెండు చెవులు మూసుకుని బల్ల కిందికి దూరాడు.

సెంటర్ సూపరింటెండెంట్ ఖాసిం సాబ్ వచ్చారు. గేటు బయట కాచుకుని ఉన్న అతని అక్క సీతమ్మను లోపలికి పిలిపించారు. వాళ్లది వేములపల్లి, ఆమెను కోదాడలో ఇచ్చారు. తమ్ముణ్ణి తన దగ్గరే పెట్టుకుని చదివించిందామె. పుస్తకాలు ఆమె భర్త తెచ్చేవాడట.

“వానికి చెవుడు లేదు సార్, అన్నీ వినపడతయి,” అందామె. “కొత్తోళ్ల ముందల గొంతు పెగలదు. మొకంలకి సూడుమంటే తల్లడిల్లుతడు. గట్టిగ అరిస్తే గిట్లనే దూరుతడు. రాయమంటే మాత్రం రాస్తడు.”

కోదాడ బడిలో పలకడం లేదని పొగరు కింద జమకట్టి ఇంటికి పంపేశారని చెప్పింది. ఆమె ఏడవలేదు, బతిమాలలేదు. ఈసారి తప్పితే వాణ్ణి బర్లకాడికి పంపుతమని నాయిన అన్నడు సార్, అని మాత్రం అంది.

పుస్తకం తిరగేశాను. ఒక్క కొట్టివేత లేదు. ప్రతి లెక్కా మెట్టు మెట్టుగా చివరిదాకా నడిచింది. అయినా నాకు నమ్మకం కుదరలేదు. పక్క బల్ల మీద రాసిన అభ్యర్థి ఇంకా వరండాలోనే ఉంటే పిలిచి, ఇతను పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నాడా అని అడిగాను.

“ఉన్నడు సార్. మీరు పిల్సినప్పుడల్లా హాల్ టికెట్ ముందలికి జరిపిండు. మూడుసార్లు జరిపిండు. మీరు సూడలే.”

అక్క అతనికి నేర్పి పంపింది అదే. పిలిస్తే టికెట్ చూపించమని. నాకు చచ్చేంత సిగ్గేసింది.

చిక్కు తప్పు ఒప్పుకోవడంతో తీరేది కాదు. ఎర్ర సున్నా కొట్టివేయాలంటే ఇన్విజిలేటరు తన సంతకంతో సంజాయిషీ రాసి పట్టీకి జతచేయాలి. దాని వెంట మెమో వస్తుంది, మెమో సర్వీసు రిజిస్టరులోకి ఎక్కుతుంది. ఆ ఏడే నా పేరు హెడ్‌మాస్టరు తర్వాతిదైన ఫస్ట్ అసిస్టెంటు పదవికి పైకి పోయి ఉంది. ఖాసిం సాబ్ మంచివారు, నా మంచే కోరారు. ఇప్పుడు దీన్ని కెలకొద్దు మాస్టర్, వచ్చే ఏడు రాస్తడు, అయినా నోరు లేనోనికి కాలేజీల సీటెవరిస్తరు, అన్నారు. జవాబు పుస్తకాల కట్టకు సీలు వేసి సాయంత్రం బస్సుకు పంపాలి. గంట వ్యవధి ఉంది.

అందులో సగం ఊరికే కూర్చున్నానని ఒప్పుకోవాలి. వచ్చే ఏడు అన్న మాట చెవికి బాగానే ఉంది. బల్ల కింద ఉన్నవాడికి వచ్చే ఏడు లేదని మాత్రం నాకు తెలుసు. నాలుగు వాక్యాల సంజాయిషీ రాసి ఇచ్చాను.

మిగిలిన రోజుల్లో అతని బల్ల దగ్గరికి నేనే నడిచి వెళ్లి టికెట్ చూసి గుర్తు పెట్టేవాణ్ణి. గంట కొట్టే చోటికి దూరంగా ఉన్న మూల అతనికిచ్చాం. ఇంకేమీ చేయలేదు, అవసరమూ పడలేదు. అతను పాసయ్యాడు.

అప్పుడు సీతమ్మ మిర్యాలగూడ వచ్చింది. “కాలేజీల గంట గంటకు హాజరీ పిలుస్తరంట గద సార్. వాడు పలుకకపోతే ఎట్ల?” అంది. నిజమే. హాజరీ చాలకపోతే అక్కడ పరీక్షకే కూర్చోనివ్వరు. ప్రిన్సిపాలుకు ఉత్తరం రాశాను. ఇతను పలకడు, పేరు రాసిన చీటీ చూపిస్తాడు. ప్రశ్న నోటితో అడగకుండా రాసి ఇవ్వండి, రాసి జవాబిస్తాడు. కళ్లలోకి చూడనంత మాత్రాన అమర్యాద అనుకోవద్దు అని. జాలి చూపమని రాయలేదు. ప్రిన్సిపాలు ఒప్పుకున్నారు. లెక్చరర్లలో ఒకాయన మాత్రం ఏడాదంతా చీటీ చూడలేదు. ఆ ఒక్క సబ్జెక్టులో హాజరీ తగ్గితే ఇంకో ఉత్తరం రాయాల్సి వచ్చింది. రామచంద్రం ఇంటర్మీడియట్ పూర్తిచేశాడు, ఆపైన డిగ్రీ కూడా. నాతో ఎన్నడూ మాట్లాడలేదు. ఫలితాలు వచ్చినప్పుడల్లా మార్కుల కాగితం నకలు తన చేతిరాతతో పోస్టులో వచ్చేది.

ఇలాంటివాళ్ల తీరుకు ఇప్పుడు పేర్లున్నాయి, డాక్టర్లున్నారు. అప్పుడు మాకు ఏ పేరూ తెలియదు. తెలిసినా, ఆ రోజు నేను తల ఎత్తి చూడనప్పుడు ఆ పేరు అతనికి పనికొచ్చేది కాదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ గదిలోనైనా పట్టీ చూస్తూ కాక మనుషుల్ని చూస్తూ హాజరీ తీసుకున్నాను. దానికి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది.

ఫస్ట్ అసిస్టెంటు పదవి రెండేళ్లు ఆలస్యంగా వచ్చింది. మెమో నా సర్వీసు రిజిస్టరులో చివరిదాకా ఉంది. గదిలో హాజరుగా ఉన్న అభ్యర్థిని లేడని రాసినందుకు, అని అందులో ఉంటుంది. దాన్ని తీసేయమని అర్జీ పెట్టుకోమని చాలామంది సలహా ఇచ్చారు. పెట్టుకోలేదు. అందులో రాసింది నిజం.