ఏ జవాబు చెప్పినా

మందుల షాపులో కొత్త కట్టుగుడ్డ చుట్ట విప్పినప్పుడు వచ్చే పొడి వాసనకు ఇప్పటికీ నాకు తమిళనాడు రాజపాళయంలో మా తాత ఇల్లు గుర్తొస్తుంది. ఆడి మాసంలో, అంటే ఆషాఢంలో, కొండల మీది నుంచి సన్నటి జల్లు మోసుకొచ్చే గాలి, జాడీల్లో ఊరుతున్న మామిడికాయ పులుపు, నేను గచ్చకాయలాడుకునే చల్లటి నేల, కట్టుగుడ్డ నేసే షెడ్డు నుంచి జుట్టు నిండా దూది పోగులతో సాయంత్రం తిరిగొచ్చే జానకత్త. మా నాన్న చెల్లెలు. షెడ్డు కబుర్లు చెప్తూ తనే ముందు నవ్వేది.

బస్టాపులో ఆమె ఎవరితోనో నవ్వుతూ మాట్లాడిందని ఒకరోజు ఎవరో తాత చెవిన వేశారు. తాత ఉయ్యాల బల్ల మీద కూర్చుని అత్తను పిలిచాడు.

"ఎవరు వాడు?"

"ఎవరూ లేరు నాయనా. సేత్తూరు బస్సు పోయిందా అని అడిగినాడు, చెప్పినాను."

"తప్పు చేసినోళ్ళందరూ ఇట్లే చెప్తారు."

అత్త ఊరుకుంది. మాట్లాడలేదంటే ఒప్పుకున్నట్టే అన్నాడు తాత. ఆమె కళ్ళు నిండాయి. తప్పు లేకుంటే ఏడుపెందుకన్నాడు.

నేను ఆట వదిలేసి లేచాను. "తాతా, అత్త ఏం చెప్తే నువ్వు నమ్ముతావు?"

"నువ్వు లోపలికి పో పాపా," అన్నాడు.

మర్నాటి నుంచి అత్త పనికి పోలేదు. ఎవరూ తాళం వేయలేదు. వీధి తలుపు పగలంతా తెరిచే ఉండేది. ఆమె గడప దాకా వచ్చి, పాలు పోయించుకుని వెనక్కి తిరిగేది. వినాయక చవితికి అత్త కొబ్బరి పూర్ణం పెట్టి కొళుకట్ట కుడుములు ఒత్తుతుంటే తాత మెత్తబడి, "రేపట్నుంచి పనికి పో," అన్నాడు.

అత్త చేతులు ఆగాయి. "పోతే, దీనికే కాచుకోనుండినావంటావు. పోకుంటే, మనసులో ఏదో ఉండాదంటావు. ఏది చేసేది నాయనా?"

అత్త పనికి పోలేదు.

ఇప్పుడు నేను కాలేజీలో తర్కం చెప్తాను. ఎటు తిరిగినా దోషమే తేలేలా కట్టిన వాదాన్ని ఉభయసంకటం అంటారనీ, ఏ సాక్ష్యానికీ లొంగని మాట రుజువైన మాట కాదనీ బోర్డు మీద రాస్తాను. తెలిసినదాన్ని పట్టుకుని తెలియనిది రాబట్టడమే తర్కంలో అనుమానం. మా ఇంట్లో ఆ మాటకు అలాంటి అర్థం ఒకటుందని ఎవరికీ తెలియదు.

తాత లేడు. ఉయ్యాల బల్ల లేదు. నేత షెడ్డు చోట కల్యాణ మండపం లేచింది. అత్త ఉంది. "అన్నం తిన్నావా అత్తా?" అని అడిగినా ముందు నా ముఖంలోకి చూస్తుంది, ఏ జవాబు కోసం అడుగుతున్నానోనని.