ఎరుపా, బ్రౌనా?

మా స్నూకర్ క్లబ్బులో రూల్సు పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివినవాడు రంగులాయన ఒక్కడే. పెయింట్ల షాపు నడుపుతాడు కాబట్టి ఆ పేరు. బంతి దూరే సందు ఉందో లేదో ఇంకో బంతి పెట్టి కొలిస్తే ఏడు పాయింట్ల ఫౌలని మాకు చెప్పింది ఆయనే. ఎదుటివాడు గురి చూసుకుంటుంటే వాడి కళ్ళ ముందు నిలబడకూడదనీ, జేబులో తాళాలు ఆడించకూడదనీ కూడా ఆయనే చెప్పాడు. అప్పటిదాకా మేము హాయిగా ఆడుకునేవాళ్ళం.

ఆయన మాత్రం ప్రతి దెబ్బకూ ముందు బల్ల చుట్టూ తిరిగేవాడు. లైను చూసుకుంటున్నాడు కాబోలని మేము ఆవలిస్తూ కూర్చునేవాళ్ళం. అసలు సంగతి వేరు. ఆయన కంటికి ఎరుపూ బ్రౌనూ ఒకటే. బ్రౌన్ బంతి ఎక్కడ మొదలై ఎక్కడికి దొర్లిందో గుర్తు పెట్టుకోవడానికే ఆ తిరుగుడంతా. షాపులోనూ అంతే. గోడ పెచ్చు పట్టుకెళ్ళి చూపిస్తే "ఒక్క నిమిషం" అని లోపలి గదిలోకి వెళ్ళి, అచ్చం అదే రంగు డబ్బాతో వచ్చేవాడు. లోపల కలిపేది ఆయన భార్య. ఆవిడ ఖాళీ డబ్బాలు కడుగుతుందని అందరం అనుకునేవాళ్ళం. రంగులు తెలియని రంగులాయన దగ్గర పెయింటు ఎవరు కొంటారు? అందుకే ఆ సంగతి గది దాటలేదు.

ఆ ఏడాది కప్పు ఫైనల్లో ఆయనకు ఎదురుపడింది సొంత బావమరిదే. ఇళ్ళకు రంగులు వేయించే మేస్త్రీ, సరుకంతా బావ దగ్గరే కొంటాడు. చివరి ఫ్రేములో బావమరిది కొట్టిన గట్టి దెబ్బకు బ్రౌన్ వెళ్ళి, మిగిలిన రెండు ఎర్ర బంతులను గుద్దింది. మూడూ చెల్లాచెదురయ్యాయి. రంగులాయన బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇంకోసారి తిరిగాడు.

"బావా, లైను చూస్తున్నావా, ముహూర్తం చూస్తున్నావా?" అన్నాడు బావమరిది.

రంగులాయన మధ్య పాకెట్ దగ్గరున్న బంతి మీదకు వంగాడు. మళ్ళీ లేచి రిఫరీ వైపు తిరిగాడు.

"ఇది ఎరుపా, బ్రౌనా?"

రిఫరీ రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన తొందరపడకుండా రూల్సు పుస్తకం తిరగేశాడు.

"రంగులు పోల్చుకోలేని ఆటగాడు అడిగితేనే చెప్పాలని ఉంది. ఊరికే అడిగితే చెప్పకూడదు. మరి మీరు?"

వేళాకోళానికి అడిగానంటే సరిపోయేది. గుడ్డిగా కొట్టినా, ఎరుపు కొట్టాల్సిన వంతులో బ్రౌన్ తగిలితే నాలుగు పాయింట్లే పోతాయి, షాపు మిగులుతుంది. రంగులాయన ఒకసారి బహుమతి కప్పు వైపు చూశాడు.

"అవును మాస్టారూ. నాకు రెండూ ఒకటే."

"ఎరుపు," అన్నాడు మాస్టారు.

"ఆగు బావా," అన్నాడు బావమరిది. "మరి ఇన్నాళ్ళూ నేను కొన్న రంగులన్నీ?"

"మీ అక్క కలిపింది," అని రంగులాయన వంగి కొట్టాడు. బంతి పాకెట్ అంచుకు తగిలి బయటే ఆగిపోయింది. కప్పు బావమరిది పట్టుకుపోయాడు.

మర్నాడు పొద్దున్నే, షాపు తెరుస్తారా మూస్తారా చూద్దామని, గోడ పెచ్చు ఒకటి సాకుగా పట్టుకుని వెళ్ళాను. కౌంటర్ వెనక కుర్చీలో ఆయన భార్య కూర్చుని ఉంది. రంగులాయన పక్కన నిలబడి డబ్బాలు అందిస్తున్నాడు. ఆవిడ నా పెచ్చును వెలుతురులో పెట్టి చూసి, కర్రతో పెయింటు కలపడం మొదలుపెట్టింది. ఆవిడ గొంతు వినడం నాకు అదే మొదలు. మాట మాత్రం నాతో కాదు.

"మా ఆవిడ కలుపుతుందని ఒక్కరితోనైనా అంటారేమోనని ఇన్నేళ్ళూ ఆ గదిలో కూర్చున్నాను," అంది, కలపడం ఆపకుండా. "చివరికి ఓ ఎర్ర బంతి కోసం అన్నారు. అదీ పడలేదు."