ఉడకబెట్టిన రిబ్బన్లు

మా నాయన దారాన్ని పంటితో కొరికేవాడు. వికారాబాద్‌లో స్టేషన్ నుంచి బజారుకు వచ్చే దారిలో, రెండు పెద్ద దుకాణాల మధ్య ఇరుక్కుని ఉండేది మా దుకాణం. సూదులు, దారపు ఉండలు, గుండీలు, హుక్కులు, రిబ్బన్లు, లేసులు, లంగా నాడాలు, దువ్వెనలు. ఒకరు లోపల కూర్చుంటే రెండోవాళ్లు బయట నిలబడాల్సిందే. నిజాం కాలపు హాలీ రూపాయలు పోయి నయాపైసలు వచ్చిన కొత్తరోజులవి. లేసు అడిగితే నాయన మూరతో కొలిచి, నోటి దగ్గరికి తీసుకుని, పుటుక్కున కొరికి చేతిలో పెట్టేవాడు. ఆయన ముందరి పంటి మీద దారం కోసిన చిన్న గీటు కూడా ఉండేది. కత్తెర లేక కాదు, దాన్ని వెతికేలోపు ఇద్దరు గిరాకీలు వెళ్లిపోతారని ఆయన వాదన. ఆ ఎంగిలి దారంతోనే మా వాడకట్టు పెళ్లి రవికలన్నీ కుట్టారు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఒకరోజు నాయన కత్తెరకు నాడా కట్టి మెడలో వేసుకున్నాడు. ఆ తర్వాత దారాన్ని నోటి దాకా తీసుకెళ్లలేదు. చలికాలం నుంచి దగ్గు తగ్గడం లేదు. తువాలలో నెత్తురు చూసుకున్నాడు, మాకు చెప్పలేదు. జనానికి అంటకూడదని కత్తెర పట్టాడు, అంతే. వేరేవాళ్లైతే ఏమీ ఎరగనట్టు కొరుకుతూనే ఉండేవారు, దుకాణమూ నడిచేది. మా నాయనకు ఆ తెలివి లేదు. ఇన్నేళ్లు పంటితో కొరికిన మనిషికి ఇప్పుడు కత్తెర ఎందుకని ఆడవాళ్లు ముందు నవ్వారు, తర్వాత ఆలోచించారు. మా ఊళ్లో ఆ ఆలోచన ఎటు పోతుందో చెప్పనక్కర్లేదు. పక్కనే అనంతగిరి గుట్ట, గుట్ట మీద క్షయ దవాఖాన. ఎక్కడెక్కడి నుంచో వచ్చి రైలు దిగి, శాలువా కప్పుకుని, టాంగాలో పైకి పోయేవాళ్లను రోజూ చూసే ఊరు మాది. "గుట్ట ఎక్కిండు" అంటే చాలు, రోగం పేరు ఎవరూ అడిగేవారు కాదు.

నాయన కూడా గుట్ట ఎక్కాడు. డాక్టరు అమ్మను పక్కకు పిలిచి చెప్పిన మాటలు నేను విన్నాను. ఏడాది పాటు మందు తప్పకూడదు, మంచం దిగకూడదు. ఇంటి మీద బెంగతో సగంలో దిగిపోయినవాళ్లు మళ్లీ వచ్చేసరికి అదే మందు వాళ్ల మీద పనిచేయడం లేదు. కాబట్టి ఆయన చెవిన ఏ ఫికరూ వేయకండి. అమ్మ తల ఊపింది. దుకాణం నడుస్తుందని నమ్మితేనే నాయన పైన ఉంటాడు, పైన ఉంటేనే బతుకుతాడు. చిన్నపిల్లనైనా ఆ సంగతి నాకు బాగా అర్థమైంది. భయం కూడా అప్పుడే పట్టుకుంది.

అమ్మ దుకాణంలో కూర్చుంది. ఎవరూ రాలేదు. మొన్నటిదాకా మా అరుగు మీద కూర్చుని చాయ్ తాగిన ఆడవాళ్లు, మా దుకాణం దగ్గర పడగానే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అవతలి పక్కకు జరిగి నడిచేవారు. పక్కింటి పెద్దమ్మ అయితే అమ్మ పలకరించినా ఆగేది కాదు. ఆమె బిడ్డ పెళ్లికి లేసులన్నీ మా నాయనే ఏరి ఇచ్చాడు. ఇప్పుడు ఆ బిడ్డ కన్న చంటిదానికి మొలతాడు కావాలంటే మర్పల్లి అంగడి దాకా పోయి తెచ్చుకున్నారు. ఈ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎదురుగా కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ భాయి ఒక్కడే చాలా రోజులు మా దగ్గర దారం కొన్నాడు. చివరికి ఆయన కూడా వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు.

"బురా అనుకోవద్దు బెహన్. బట్ట ఇచ్చేటప్పుడే అడుగుతున్నరు, దారం ఎక్కడిదని. నేనేం చెయ్యాలె?"

"నేనేం చేస్తే నమ్ముతరు భాయి?" అంది అమ్మ.

"ఏం చేస్తవ్ బెహన్. దారం ఉడకబెట్టి అమ్ముతవా?"

ఆయన నిట్టూరుస్తూ ఊరికే అన్న మాట అది. అమ్మ దాన్నే పట్టుకుంది.

అంగడి రోజు పొద్దున్నే దుకాణం ముందు రాళ్లు పేర్చి, పెద్ద బగోన ఎక్కించి, నీళ్లలో ఇంత వేపాకు వేసింది. నవాబుపేట నుంచి, కోట్‌పల్లి నుంచి వచ్చినవాళ్లతో బజారు కిటకిటలాడుతోంది. నీళ్లు మరుగుతుంటే అరల్లో ఉన్నదంతా కిందికి దించింది. ఎన్నడూ గొంతెత్తని మనిషి నడిబజార్లో కేక పెట్టింది.

"సూడుండ్రి అందరు! మీ కండ్ల ముందటనే ఉడకబెడ్తున్న. ఇగ వీటిల ఏం రోగముంటది?"

జనం గుమిగూడారు. అమ్మ గుండీలు వేసింది, హుక్కులు, సూదులు వేసింది, దారపు ఉండలు వేసింది. తర్వాత రిబ్బన్లు, వాటి మీద లేసులు. "అమ్మా, చాలు" అన్నాను. వినిపించుకోలేదు. చూస్తుండగానే ఎర్ర రిబ్బన్లు రంగు వదిలాయి. నీళ్లు పారాణిలా అయ్యాయి, తెల్ల లేసులన్నీ అందులోనే ఉన్నాయి. దువ్వెనలు మెత్తబడి వంకర్లు తిరిగాయి. కట్టెతో లాగితే అంతా చిక్కుపడి రాకపోయేసరికి అమ్మ మరిగే నీళ్లలోకే చేతులు పెట్టింది. అలాగే పిండి తాడు మీద ఆరేసింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఎక్కువమంది నవ్వలేదులెండి, జాలిగానే చూశారు. చూసి, మిరపకాయలు కొనుక్కోవడానికి వెళ్లిపోయారు. ఒక్కరు కూడా ఒక్క గుండీ కొనలేదు.

మర్నాటికి సూదులకు తుప్పు పట్టింది. అమ్మ ఏడవలేదు, ఖాళీ అరలు తుడిచి దుకాణం తెరిచి కూర్చుంది. మూసేస్తే ఆ కబురు ఎవరో ఒకరు గుట్ట మీదికి మోస్తారని ఆమె భయం. ఇంట్లో ఏం వండాలో తెలియదు, నాయనకు ఏం చెప్పాలో తెలియదు.

ఆదివారం నాయనను చూడబోయే ముందు అమ్మ చేతులను చింతపండుతో రుద్దింది, బూడిదతో రుద్దింది. గోళ్ల చుట్టూ ఎరుపు పోలేదు, బొబ్బలు మాత్రం చిట్లాయి. కొంగులో చేతులు దాచుకుని గుట్ట ఎక్కింది.

నాయన మంచం మీద లేచి కూర్చున్నాడు. ముఖాన కాస్త కండ పట్టింది, దగ్గు తగ్గింది. మందు బాగా పనిచేస్తోందని నర్సు చెప్పింది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

"దుకాణం ఎట్ల నడుస్తుంది?"

"మస్తు నడుస్తుంది. చెయ్యి తీరుతలేదు" అంది అమ్మ.

గ్లాసులో పాలు పోయడానికి కొంగులోంచి చేతులు తీయక తప్పలేదు. నాయన ఆ చేతులనే చూశాడు. ఆ రిబ్బను రంగు ఆయనకు తెలియనిది కాదు. చన్నీళ్లలో ఎంత ఉతికినా పోదని, మరిగిస్తేనే వదులుతుందని గిరాకీలకు చెప్పి అమ్మినవాడు ఆయనే. పాలు తాగి, "పైలంగ పోండ్రి" అన్నాడు.

మరునాడు బడి నుంచి వస్తుంటే దుకాణం దగ్గర అమ్మ అరుపులు వినిపించాయి. లోపల ఖాళీ అరల మధ్య నాయన కూర్చుని ఉన్నాడు, భుజాల మీద దవాఖాన దుప్పటి. గుట్ట అంతా నడిచి దిగాడట. అమ్మది కన్నడ సరిహద్దున ఉన్న తాండూరు, బాగా భయం వేస్తే నోటికి కన్నడమే వచ్చేది. "హోగు! హోగు!" అని, పో పొమ్మని, అందరూ చూస్తుండగా ఆయన కాళ్లు పట్టుకుంది.

"నిన్ను గిట్ల ఒక్కదాన్ని ఇడిసిపెట్టి ఆడ ఎట్ల పండుకోవాలె నేను?" అన్నాడు నాయన.

"నువ్వు ఆడ పండుకుంటెనే గద మేం బతికేది!"

దర్జీ భాయి బతిమాలాడు, నేను ఏడ్చాను. ఆయన కదల్లేదు. పైన ఉంచడానికి అమ్మ చేసిన పనే ఆయనను కిందికి దింపింది. మళ్లీ నెత్తురు పడ్డాక తాండూరు నుంచి మామ వచ్చి గుట్ట మీదికి తీసుకెళ్లాడు. డాక్టరు చెప్పినట్టే అయింది, ఈసారి మందు పనిచేయలేదు, ఇంటికి పంపేశారు. వానలు పడకముందే నాయన ఇంట్లో పోయాడు.

ఆ రోజు వాడకట్టంతా వచ్చింది. దుకాణం ముందు ముక్కు మూసుకున్నవాళ్లు మా వాకిట్లో నేల మీద కూర్చున్నారు. మగవాళ్లు నాయనకు తమ చేతులతో స్నానం చేయించారు. ఆడవాళ్లు అమ్మ మెడ చుట్టూ చేతులు వేసి, చెంపకు చెంప ఆనించి శోకాలు తీశారు. పక్కింటి పెద్దమ్మ అందరికంటే గట్టిగా ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది, ఆమె కన్నీళ్లకు అమ్మ రవిక భుజం తడిసింది. నేను ఆమె కొంగు పట్టి లాగాను.

"పెద్దమ్మా, ఇప్పుడు అంటుకోదా?"

ఆమె ఏడుపు ఆపి నా వైపు చూసింది. అమ్మ తన మెడ మీంచి ఆమె చేతులు తీసేసింది.