కుడివైపు గొలుసు

మా ముత్తాత జగన్నాథరాజుగారు వీధిలో నడిచి వస్తుంటే ఎదురొచ్చేవాళ్లు చెప్పులు విప్పి చేత పట్టుకునేవారట. తాతగారు కాలవ మీద వంతెన కట్టించి, పాలరాతి మీద తన పేరు చెక్కించారు. నాన్నగారు ఆ వంతెన దాటి కోర్టుకు తిరిగి తిరిగి భూములన్నీ పోగొట్టారు. నా కాలానికి వంతెన కూడా కొత్తదైంది. పాలరాయిని ఎవరో పట్టుకుపోయి రొయ్యల చెరువు గట్టున మెట్టుగా వేసుకున్నారు. నేను చూశాను. బోర్లా వేశారు.

గొప్పకోసం చెప్పడం లేదు. చెప్పడం లేదనే అనుకుంటున్నాను. నేను చేసిన తప్పుకు ఇది కారణమో, వట్టి సాకో, మీరే చూసుకోండి. తొమ్మిదేళ్లుగా దాన్ని మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మిమ్మల్ని ఎరగను కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. నా పూర్తి పేరు మాత్రం రాయను. ఆ పేరు కోసమే కదా అంతా జరిగింది.

నాకు యుద్ధ టాంకుల నమూనాలు చేసే అలవాటుంది. పిల్లల ఆటబొమ్మలు కావు. అసలు టాంకులో ముప్పై అయిదో వంతు ఉండేలా ప్లాస్టిక్ ముక్కలు పెట్టెలో వస్తాయి. వాటిని కత్తిరించి, అరగదీసి, అతికించి, రంగులు వేసి, తుప్పు మరకలూ దుమ్మూ కూడా పెట్టాలి. ఒక్కోదానికి నెలలు పడుతుంది. ఒకప్పుడు మా వెండి సామాను ఉండే అద్దాల బీరువాలో ఈ టాంకులు వరసగా నిలబెట్టుకున్నాను. వాటి చక్రాల చుట్టూ తిరిగే గొలుసులన్నీ గీత గీసినట్టు బిగుతుగా ఉండేవి. అలా ఉండటమే పనితనం అనుకునేవాణ్ణి.

దావీదు మా పాత పాలేరు కొడుకు. సైన్యంలో టాంకు నడిపి, రిటైరై వచ్చి, భీమవరంలో ఒక ఇంజనీరింగు కాలేజీ గేటు దగ్గర కాపలా పనిలో చేరాడు. ఒక క్రిస్మస్‌కి కేకు ఇవ్వడానికి మా ఇంటికొచ్చి బీరువా ముందు ఆగిపోయాడు.

"ఇంత బిగదీసేసేరేంటి బాబుగారండీ? మొదటి మలుపులోనే తెగిపోద్దండి."

"మరెలా ఉండాలోయ్?"

"ఏలాడాలండి. పైన దాన్ని పట్టుకునేదేం లేదు కదండీ. దాని బరువుకదే కుంగి చక్రాల మీద పడుకుంటాదండి, ముసలి గేదె నడుంలాగ." కాసేపు చూసి నవ్వాడు. "మీ వంశంలో ఒంగడం లేదు కదండీ. బొమ్మలక్కూడా అదే నేర్పేసేరు."

నేను నవ్వలేదు. కానీ అతను చెప్పింది నిజమని చూడగానే తెలిసిపోయింది. మర్నాడే ఒక టాంకు గొలుసు ఊడదీశాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం చర్చి అయ్యాక వచ్చేవాడు. తను నడిపిన రకం టాంకునే తెప్పించుకున్నాడు. పెట్టెలో గొలుసుకు బదులు వచ్చిన రబ్బరు పట్టీని పక్కన పడేసి, గొలుసులో ఒక్కో లింకునూ విడిగా చేశాడు. కాలిపోయిన మోటారులోంచి తీసిన సన్నటి రాగి తీగతో లింకుకూ లింకుకూ కీలు వేశాడు. ఆ మోటువేళ్లు ఆ పని ఎలా చేశాయో నాకిప్పటికీ ఆశ్చర్యమే. పూర్తయ్యాక చూస్తే ఎడమవైపు గొలుసు చక్రాల మీద వాలి పడుకుని ఉంది. కుడివైపుది మాత్రం లాగి కట్టినట్టుంది. ఇదేమిటని అడిగాను. అప్పుడు చెప్పాడు.

అతను సైన్యంలో ఉండగా, రాజస్థాన్ ఇసుకలో యుద్ధ విన్యాసాలు జరుగుతున్నాయి. మొగల్తూరు దగ్గర తీరపు ఊరివాడు, దావీదు టాంకులోనే పనిచేసే పోలయ్య, దిగి ముందు నడుస్తూ దారి చూపిస్తున్నాడు. కాలు జారి పడ్డాడు. దావీదు, టాంకును తిప్పే రెండు లివర్లలో కుడిదాన్ని మొత్తం లాగేశాడు. టాంకు కుడికి తిరిగింది. చాలినంత తిరగలేదు.

పోలయ్య తల్లి సత్తెమ్మ చేపలు అమ్ముకునే మనిషి. పోలయ్య పోయాక, దావీదు తాగి నడిపాడనీ, చూసి కూడా పక్కకి తిప్పలేదనీ ఎవరో ఆమె చెవిన వేశారు. సెలవుకు వచ్చినప్పుడల్లా దావీదు ఆ ఊరు వెళ్లాడు. ఆమె తలుపు తియ్యలేదు.

కుడి లివరు లాగితే కుడివైపు గొలుసు పైభాగం బిగుసుకుంటుంది, ఎడమది వదులుగా ఉండిపోతుంది. ఆ రోజు టాంకు ఆగిన తీరు అదే. అదే అతను చేసి పెట్టాడు.

"మాట నమ్మదండావిడ. చూస్తే నమ్ముద్దేమోనండి. వల లాగే ఇంటి మనిషండి. తాడు ఎందుకు బిగుస్తాదో ఆవిడకి ఒకళ్లు చెప్పాలేంటండి?"

సత్తెమ్మ మనవరాలు దావీదు పనిచేసే కాలేజీలోనే చదువుతోంది. కాలేజీలో నమూనాల ప్రదర్శన పెడుతున్నారు, బయటివాళ్లు కూడా పాల్గొనవచ్చు. పోలయ్య పేరుతో బొమ్మ ఉంటుందని చెప్పి మామ్మని తీసుకొస్తానని ఆ పిల్ల ఒప్పుకుంది. తను కాలేజీ సిబ్బంది కాబట్టి తన పేరు పనికిరాదేమోనని దావీదు భయపడ్డాడు. "తమరి పేరే రాసేయండి. కింద పోలయ్య పేరూ, కుడికి తిప్పిన బండి అనీ ఒక ముక్క రాయించండి, చాలు" అన్నాడు. రంగులు నేను వేశాను. రంగు ఒక్కటే నాది.

ఫారం నింపేటప్పుడు నా పేరు ముందు శ్రీ రాజా అని పెట్టాను. వెనక ముత్తాతగారి పేరు కూడా చేర్చాను. బొమ్మ ముందు పెట్టడానికి అచ్చయి వచ్చిన కార్డులో పోలయ్య ముక్కకు ఇంక చోటు లేదు. చోటు లేకపోతే నేనేం చేస్తాను, అనుకున్నాను. ఎన్నో ఏళ్ల తర్వాత మా పేరు నలుగురు చదివే చోట కనిపించింది. ఆ కార్డును నేను ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పడానికి సిగ్గుగా ఉంది.

ప్రదర్శన రోజు మధ్యాహ్నం సత్తెమ్మ వచ్చింది. ముతక చీర, చేతిలో గుడ్డసంచి. మనవరాలు కార్డు చదివి వినిపించింది. అందులో తన కొడుకు పేరు లేదు. అయినా ఆమె వెళ్లిపోలేదు. వంగి టాంకును చూసింది. ఎడమవైపు చూసింది. బల్ల చుట్టూ తిరిగొచ్చి కుడివైపు చూసింది. అక్కడ ఆగింది. చూపుడువేలు ఎత్తి, ముట్టుకోకుండా, గొలుసు వెంబడే గాలిలో నెమ్మదిగా నడిపించింది. దావీదు యూనిఫాంలో హాలు తలుపు దగ్గర నిలబడి ఆ వేలినే చూస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే న్యాయనిర్ణేత నా బల్ల దగ్గరికొచ్చాడు. రిటైరైన ఇంజనీరు, మర్యాదస్థుడు.

"రంగు అద్భుతమండి. కానీ ఇదేంటండీ, ఎడమది ఇంత సహజంగా వేలాడుతుంటే కుడిది బిగుసుకుపోయింది? ఒక్క బండికి రెండు రకాలా?"

ఒక్క మాట చాలు. కుడికి తిప్పితే అలాగే అవుతుందండి, అంటే చాలు. నాకు తెలుసు. ఆమె వింటోందని తెలుసు. దావీదు చూస్తున్నాడని కూడా తెలుసు. అయితే ఆ మాట అంటే ఆయన, మీకెలా తెలుసండీ, అని అడుగుతాడు. అప్పుడు గేటు దగ్గరి వాచ్‌మన్‌ని చూపించి, మా పాలేరు కొడుకును చూపించి, ఇది అతనిదండి, నేను రంగు వేసినవాణ్ణి మాత్రమే, అనాలి. నా ముత్తాత పేరున్న కార్డు ముందు నిలబడి అనాలి. ఇదంతా అప్పుడు నేను ఆలోచించానా? లేక తర్వాత తొమ్మిదేళ్లలో కూర్చుకున్నానా? నాకు తెలియదు. నోటివెంట వచ్చిన మాట మాత్రం గుర్తుంది.

"అది పొరపాటండి. కుడివైపు మా మనిషొకడు అతికించాడు. వాడికి చేతకాదు."

"అదే అనుకున్నాను" అని ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

సత్తెమ్మ వేలు గాలిలోనే ఆగిపోయింది. చెయ్యి వెనక్కి తీసుకుని, కొంగుతో తుడుచుకుంది, తడిచేతిని తుడుచుకున్నట్టు.

"పొరపాటంట్రా అమ్మా" అంది మనవరాలితో. "పద, బస్సెల్లిపోద్ది."

తలుపు దగ్గరున్నది దావీదు కాబట్టి తలుపు తెరిచింది కూడా అతనే. ఆమె అతని మొహం చూడకుండా దాటిపోయింది.

జనం పలచబడ్డాక దావీదు నా దగ్గరికొచ్చాడు. "పొరపాటు కాదని తమరికి చెప్పేను కదండీ" అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉండుంటే నాకు సులువయ్యేది.

"అందరి ముందూ నన్ను కథలు చెప్పమంటావా?" అన్నాను. అవును, ఆ మాట కూడా అన్నాను.

"లేదండి. బొమ్మ తమరే ఉంచుకోండి. ఇంక నాకు దాంతో పన్లేదండి."

ఆ పొరపాటుకి మార్కులు తగ్గించి రెండో బహుమతి ఇచ్చారు.

సరిచేయడానికి దారి లేదా? ఉంది. మొగల్తూరు ఎంత దూరం? ఒకసారి బస్సెక్కాను కూడా. ఆ ఊళ్లో దిగితే, వలలు బాగుచేసుకుంటున్న ఒకాయన, "ఎవరి తాలూకండీ తమరు?" అని అడిగాడు. ఇల్లు ఎక్కడని అడగడానికి వెళ్లినవాణ్ణి, నేనెవరినో చెప్పుకోవాల్సి వచ్చేసరికి వెనక్కి తిరిగాను. వచ్చిన బస్సులోనే తిరిగొచ్చాను. రెండేళ్లకు, "సత్తెమ్మగారు పోయేరండి" అని దావీదే చెప్పాడు, కాలేజీ గేటు దగ్గర. ఇప్పటికీ ఆ దారిన వెళితే నన్ను చూసి కుర్చీలోంచి లేస్తాడు. "ఆయ్, నమస్కారమండి" అంటాడు. నేను తల ఊపి వెళ్లిపోతాను. ఆ లేవడం మా ముత్తాతగారికి చెందిన మర్యాద. నాకది దెబ్బలా తగులుతుంది. అయినా, కూర్చో దావీదూ, అని ఒక్కసారి కూడా అనలేదు.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించే హక్కున్న ఇద్దరిలో సత్తెమ్మ ఇప్పుడు లేదు. రెండో మనిషిని అడగడానికి నాకు నడుం వంగడం లేదు. ఆ రోజు అనవలసిన మాట ఇక్కడ రాస్తున్నాను, అంతే. అది పొరపాటు కాదు. దావీదు కుడి లివరు లాగాడు. టాంకును తిప్పాడు. రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. అంతకుమించి ఏమీ మారలేదు.

నిరుడు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అద్దాల బీరువాను రాజమండ్రి నుంచి వచ్చిన పాత సామాన్ల వ్యాపారికి అమ్మేశాను. లోపలి టాంకులు కూడా దాంతోపాటే పోయాయి, దావీదు చేసినదానితో సహా.