సలోమి అక్క తెచ్చిన ఆది

దయ్యాలనూ గాలీ ధూళీ అనే మాటలనూ నేను నమ్మను. ఈ ముక్క ముందే చెప్పుకోవాలి, లేకపోతే ఇది చదివాక నన్ను కూడా తాయెత్తుల బాపతు మనిషి కింద జమకట్టేస్తారు. మా ఇంటావిడ పిల్లలకు దిష్టి తీస్తుంటే ఉప్పు దండగ అని వేళాకోళం చేసేవాణ్ణి. ఎవరైనా దుకాణంలో కూర్చుని, చింతచెట్టు కింద ఎవరో తెల్లచీరలో కనిపించారని మొదలుపెడితే, ఆ చీరకు ఫాల్స్ వేసి ఉందా లేదా అని అడిగేవాణ్ణి.

నేను టైలర్ని. నెల్లూరు జిల్లా కోటలో ఇరవై ఆరేళ్ళుగా అదే దుకాణం, అదే మిషను. మాది ముస్లిం కుటుంబం, మా నాన్న కూడా ఇదే పని చేశాడు.

మా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళు ఒంటి మీద కొలతలు ఇవ్వరు. సరిగ్గా కుదిరిన పాత జాకెట్టో గౌనో తెచ్చి ఇస్తారు. దాన్నే ఆది అంటాం. ఆది బల్ల మీద పరుచుకుంటే మనిషిని చూడాల్సిన పని లేదు. ఎవరి భుజం వంగి ఉందో, ఎవరు ఏ చేత్తో బిందె మోస్తారో, ఎవరు ఈ మధ్య ఒళ్ళు చేశారో అందులోనే తెలిసిపోతుంది. ఈ విషయంలో నాకు కాస్త గర్వం ఉన్న మాట నిజమే. ఊళ్ళో సగంమంది మొహాలు నాకు గుర్తుండవు గానీ భుజాలు గుర్తుంటాయి.

సలోమి అక్క మొదటిసారి వచ్చింది పదమూడేళ్ళ కిందట, డిసెంబరు మొదటి వారంలో. క్రిస్మస్ బట్టలతో నాకు ఊపిరాడని రోజులవి. సముద్రం వైపు పల్లె వాళ్ళది, పేరు రాయను. భర్త చిన్న వయసులోనే పోయాడు. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేసేది. తనకు ఒక జాకెట్టు, పాపకు ఒక గౌను కుట్టమంది. గౌనుకు ఆది ఇచ్చింది. అయిదేళ్ళ పిల్లది. దాని ప్రకారమే కుట్టి ఇచ్చాను.

మరుసటి డిసెంబరులో మళ్ళీ వచ్చింది. ఈసారి ఆదిగా నేను కుట్టిన గౌనే తెచ్చింది. పరిచి చూశాను. చంకల కింద చెమట మరక. పక్క కుట్టు వెంట బట్ట లాగి చిన్న చిన్న చిల్లులు తేలాయి.

"పిల్ల పెరిగిపోయిందక్కా. ఈ ఆదికి కుడితే తల కూడా దూరదు. పొడవు రెండు వేళ్ళు, చుట్టు ఒక వేలు వదులు పెడతా" అన్నాను.

ఆమె వంగి ఆ గౌను చంకల దగ్గర తడిమి చూసింది. పని ఒత్తిడిలో నేను పట్టించుకోలేదు.

అది మొదలు ఏటా అదే వరస. పోయిన ఏడాది గౌను ఆదిగా తెస్తుంది, నేను పరిచి చూసి ఇంత పెరిగింది అంటాను, ఆమె తలూపుతుంది. ఒక ఏడాది కుడి మోచెయ్యి దగ్గర బట్ట పలచబడి ఉంది. "నీ కూతురు బల్ల మీద మోచెయ్యి ఆనించి తెగ చదువుతా ఉండాదే" అని ఆటపట్టించాను. "అట్టనా భాయ్?" అని అడిగింది. ఆ అడగడం ఎలా ఉందంటే, తన కూతురి సంగతి తనకే నేను కొత్తగా చెప్పినట్టు.

పిల్లను ఒక్కసారి తీసుకురమ్మని విసుక్కున్నాను కూడా, ఎదిగే పిల్లకు ఆది సరిపోదని. "దూరంగా ఉండాది భాయ్" అంది. హాస్టల్లో అనుకున్నాను. మా పక్క రొయ్యల షెడ్డుల్లో పనిచేసే వాళ్ళ పిల్లలు చాలామంది హాస్టళ్ళలోనే చదువుతారు.

రెండేళ్ళ కిందట నవంబరులో వాళ్ళ పల్లె చర్చిలో బల్లకు కొత్త గుడ్డ కుట్టాలని పాస్టరు గారు పిలిపించారు. మధ్యాహ్నం వెళ్ళాను. ఆ రోజు వాళ్ళకు సమాధుల పండుగ. చర్చి వెనక ఇసుకలో అందరూ తమ వాళ్ళ సమాధులకు సున్నం కొడుతున్నారు, పూలు పెడుతున్నారు. సలోమి అక్క కూడా ఉంది. ఒక చిన్న సమాధి పక్కన కూర్చుని కుంచెతో సున్నం పూస్తోంది. నా కంటికి అది మూడున్నర అడుగులకు మించదు.

ఆమె నన్ను చూడలేదు. కాస్త ఇవతల ఆమె అక్క రూతమ్మ ఉంటే, ఎవరిదని అడిగాను.

"దాని కూతురిదే. ఎస్తేరు. అయిదేళ్ళకే జొరమొచ్చి పొయ్యింది. పదకొండేళ్ళు దాటినాయి" అంది.

నాకు ముందు కోపం వచ్చింది. లేని పిల్లకు పదకొండేళ్ళపాటు నా చేత గౌన్లు కుట్టించింది కదా అని. నా మిషను ముందు కూర్చుని ఎంత అమాయకంగా తలూపింది అనుకున్నాను. చర్చి బల్ల కొలతలు తీసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా బండెక్కి వచ్చేశాను.

భయం మర్నాడు వచ్చింది. ఎవరిదో జాకెట్టు పరిచి చంకల దగ్గర సరిచూస్తుంటే చెయ్యి ఆగిపోయింది. పిల్ల పోయింది, సరే. మరి ఆ గౌన్లన్నీ ఎవరు తొడిగారు?

చాలా ఆలోచించాను. వాళ్ళ అక్క పిల్లలు వేసుకుని ఉండొచ్చు అనుకున్నాను, కానీ రూతమ్మకు ఇద్దరూ మగపిల్లలే. సలోమి అక్కే దుఃఖంలో వాటిని ఉతికి, పిండి, నలిపి ఉంటుందనుకున్నాను. ఉతికిన బట్టకూ తొడిగిన బట్టకూ తేడా నాకు తెలుసు. ఏటా రెండు వేళ్ళు పెరిగేలా ఏ మనిషీ బట్టను నలపలేదు.

ఆ డిసెంబరులో ఆమె వచ్చింది. మనిషి సగమైపోయింది. కడుపులో గడ్డ అట, నెల్లూరు ఆస్పత్రిలో ఇంటికి తీసుకుపొమ్మన్నారట. రూతమ్మ ఆటోలో కూర్చోబెట్టి తీసుకొచ్చింది. తెల్లబట్టా, పోయిన ఏటి గౌనూ బల్ల మీద పెట్టింది.

నేను గౌను ముట్టుకోలేదు. "నాకు తెలిసిందక్కా" అన్నాను.

ఆమె కంగారుపడలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ రోజు ఆమె చెప్పినంత మాట పదకొండేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు.

ఎస్తేరు పోయినప్పుడు పరలోకంలో ఉందని అందరూ అన్నారట. ఈమెకు అందులో అనుమానం లేదు. కానీ ఎంతది అయి ఉంటుంది అక్కడ? అప్పటి ముసలి పాస్టరు గారు, ఎంత వయసులో పోతే అంతలోనే ఉంటారన్నారు. తర్వాత వచ్చిన ఆయన, అక్కడ వయసులే ఉండవు, అందరూ ఒకే నిండు వయసులో మహిమగా ఉంటారన్నారు. సంఘంలో ఒక పెద్దాయన మాత్రం, అక్కడ పిల్లలు ఆడుకుంటూ దేవుని ఇంట్లోనే పెరుగుతారని చెప్పారట. మూడు నోళ్ళు, మూడు మాటలు.

"నేను పొయ్యేతలికి నా బిడ్డ ఎంతది అయి ఉంటాదో నాకు తెలవాల గదా భాయ్. అంతమంది తెల్లబట్టలోళ్ళల్లో అయిదేళ్ళ పిల్లను ఎతుక్కుంటా నేను తిరగతా ఉంటే, అది పెద్దదయి నా పక్కనుంచే పోతే ఎట్టా?"

వాళ్ళ ఇళ్ళలో క్రిస్మస్‌కు ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరికీ కొత్తబట్ట ఉండాలి. కూతుర్ని వదిలెయ్యడానికి మనసొప్పక ఆ మొదటి ఏడాది గౌను కుట్టించిందట. తననెరిగిన వాళ్ళు ఉండరని కోటకు వచ్చిందట. పండగనాడు ప్రార్థన చేసి పెట్టెలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి ఆమె మొలతాడుకే ఉంటుంది. మరుసటి ఏడాది అదే కొలతకు ఇంకొకటి కుట్టిద్దామని దాన్ని తీసుకొచ్చింది.

"పిల్ల పెరిగిందని నేను అనలా భాయ్. నువ్వే అన్నావు" అంది.

అవును, నేనే అన్నాను. ఏటా నేనే అన్నాను. ముగ్గురు పెద్దలు చెప్పినా కుదరని నమ్మకం ఆమెకు నా నోటి మాట మీద కుదిరింది. నేనేమో ఎడాపెడా కత్తెర ఆడిస్తూ అన్న మాటలవి.

"మీ దాంట్లో ఏమి చెప్తారు?" అని అడిగింది. జన్నత్‌లో ముసలివాళ్ళుండరని మా నాన్న చెప్పేవాడన్నాను. అంతకు మించి నాకు తెలియదన్నాను. ఆమె ఆ పోయిన ఏటి గౌను నా ముందుకు జరిపింది.

"ఇప్పుడు తెలిసే చెప్పు. ఇది తొడిగిన బట్టా, తొడగని బట్టా?"

కాదని చెప్పాలనే అనుకున్నాను. పెట్టెలో చెమ్మ, ఉప్పుగాలి, బొద్దింకలు, ఏదో ఒకటి చెప్పొచ్చు. చచ్చిపోబోతున్న మనిషికి లేనిపోని ఆశ పెట్టడం పాపమేమో అనిపించింది. కానీ గౌను తిప్పి చూశాక అబద్ధమాడడానికి నోరు రాలేదు. చంకల్లో మరక ఉంది. కింది అంచు ఎడమవైపే ఎక్కువ అరిగి ఉంది. అంటే ఎడమ భుజం కాస్త కిందికి ఉన్న మనిషి. సలోమి అక్క జాకెట్లన్నీ నేనే కుట్టాను, ఆమెకూ అంతే.

"తొడిగిన బట్టే అక్కా" అన్నాను.

"ఎంత ఎత్తు ఉంటాది?"

నా భుజం మీద చెయ్యి పెట్టి చూపించాను. "ఇక్కడి దాకా. ఎడమ భుజం నీ మాదిరే రవ్వంత కిందికి." ఆమె మనసులో లెక్కపెట్టుకుంటున్నట్టు పెదాలు కదిపింది. తర్వాత ఏడ్చింది. రూతమ్మ కూడా ఏడ్చింది. నేను మిషనుకు నూనె వేస్తున్నట్టు తలదించుకున్నాను.

తెల్ల గౌను కుట్టాను. అయితే నా బుద్ధి నాది కదా, ఊరుకోలేదు. వీపు మీద జిప్పు ఉంటుంది. అది తియ్యకుండా తల దూరనంత చిన్నగా మెడ పెట్టాను. జిప్పు కదలకుండా రెండు అంచులూ కలిపి లోపలివైపు ఎర్రదారంతో కచ్చా కుట్టు వేశాను. ఎవరు తొడిగినా ఆ దారం తెగాలి. తెంపి మళ్ళీ కుట్టినా నేను పట్టేస్తాను, ఎందుకంటే నాది ఎడమచేతి వాటం, నా కుట్టు ఎదురు వైపుకు వాలుతుంది. ఈ సంగతి సలోమి అక్కకు గానీ, రూతమ్మకు గానీ, ఇంట్లో గానీ చెప్పలేదు. ఆమెను అనుమానించానని ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మార్చిలో ఆమె పోయింది. పొద్దున్నే రూతమ్మ ఫోను చేసింది. ఎస్తేరు గౌను తనతో పెట్టాలనీ, అది నా చేత్తోనే మడతపెట్టించాలనీ చెప్పి పోయిందట.

నేను వెళ్ళేసరికి తొమ్మిదవుతోంది. ఎండ బాగా ఉంది, ముంగిట్లో జనం పాటలు పాడుతున్నారు. రూతమ్మ చెల్లెలి మొలతాడు నుంచి తాళంచెవి తీసి, నా కళ్ళ ముందే పెట్టె తెరిచింది. అన్నింటికంటే పైన తెల్ల గౌను ఉంది. ముందు లోపలికి తిప్పి చూశాను. ఎర్రదారం ఉంది. ముడి నాదే, కుట్టు నాదే. ఒక్క పోగు కూడా తెగలేదు. హమ్మయ్య అనుకున్నాను, నిజంగానే గుండె తేలికపడింది.

మడతపెట్టబోయి చంక కింద చెయ్యి పెట్టాను. తడిగా ఉంది. వెచ్చగా ఉంది. అప్పుడే ఒంటి మీద నుంచి విప్పిన బట్ట ఎలా ఉంటుందో అలా.

కింద ఉన్న పాత గౌన్లు తాకి చూశాను. అన్నీ చల్లగా, పొడిగా ఉన్నాయి. మళ్ళీ తెల్లదాన్ని వెలుగులోకి పట్టుకెళ్ళి చూశాను. కింది అంచు ఎడమవైపు మాసింది. నడుము దగ్గర ముడతలు నేను కుట్టిన గీత మీద లేవు, రెండు వేళ్ళు కిందికి పడ్డాయి. గౌను నడుము కంటే మనిషి నడుము కిందికి దిగితేనే, అంటే పిల్ల పెరిగితేనే అలా పడతాయి.

తర్వాత దీన్ని గురించి మా మసీదు హజ్రత్‌ను అడిగితే, నీకు తెలియనివ్వని దాన్ని తవ్వొద్దన్నారు. పాస్టరు గారిని అడగలేదు, ఆయన దేవునికి స్తోత్రం అంటారని తెలుసు. పెట్టె మీద ఎండ పడి వేడెక్కిందేమో అని ఒక స్నేహితుడు అన్నాడు. పెట్టె లోపలి గదిలో, మంచం కింద ఉంది. ఆ మాటా చెప్పాను.

ఆ పొద్దున రూతమ్మ గౌను అందుకోబోయింది. నేను ఇవ్వలేదు. శవపేటిక దగ్గరికి నేనే వెళ్ళాను. తురకాయన ఏం చేస్తాడో అని కొందరు చూశారు గానీ ఎవరూ అడ్డు చెప్పలేదు, పక్కకు జరిగారు. సలోమి అక్క చెయ్యి ఎత్తి, గౌను కింద పెట్టి, చెయ్యి మళ్ళీ దాని మీద ఉంచాను. నా కళ్ళ నీళ్ళు ఆగలేదు. వంగి మెల్లగానే చెప్పాననుకున్నాను, చివరి వరసలో వాళ్ళకు కూడా వినబడిందని తర్వాత అన్నారు.

"అక్కా, నేను భుజం దాకా అని చెప్పినా గదా. ఇప్పుడు గడ్డం దాకా వస్తాది. అట్టనే చూసుకో."