హాజరుకొక ప్రాణి

మా జువాలజీ మేడమ్ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను శ్రీ సిటీలో ఉద్యోగానికి వెళ్లే బస్సులో ఉన్నాను. ఫోన్ పెట్టేసి కిటికీలోంచి చూస్తే, పొలంలో గేదె వెనకాలే ఒక తెల్లకొంగ నడుస్తోంది. గేదె అడుగులకు లేచే పురుగుల కోసమని నాకు చెప్పింది ఆవిడే. ఏడుపు అప్పుడొచ్చింది.

తిరుపతిలో మేము బీకాం పిల్లలం. జంతువుల గురించి ఒక పేపరు మాకెందుకు పెట్టారో అర్థం కాలేదు. లెక్కలు రాసుకునేవాళ్లకు కప్పలతో ఏం పనని గొణుక్కునేవాళ్లం. మేడమ్ మొదటిరోజే ఒక షరతు పెట్టారు. పేరు పిలిస్తే ప్రెజెంట్ అనకూడదు, ఆ రోజు కంటపడిన ఒక ప్రాణి పేరు చెప్పాలి. ముందువాళ్లు చెప్పింది మళ్లీ చెప్పకూడదు. చెప్పలేకపోతే హాజరు పడదు.

నా పేరు చిట్టచివర. కాకి, కుక్క, ఆవు, కోతి మొదటి నాలుగైదు పేర్లకే అయిపోయేవి. హాజరు తగ్గితే పరీక్ష రాయనివ్వరు. పరీక్ష పోతే చదువు మాన్పించి మా పూల అంగట్లో కూర్చోబెడతానని నాయన ముందే చెప్పేశాడు. అందుకని దారిపొడుగునా గోడలు, కాలవలు, చెట్ల మొదళ్లు వెతుక్కుంటూ నడిచేదాన్ని.

ఒకరోజు ఒక అబ్బాయి లేచి "చిరుత మేడమ్" అన్నాడు. కొండ నడకదారిలో చిరుత కనబడిందని అప్పుడు ఊరంతా అదే మాట.

"చూసినావా, విన్నావా?" అన్నారు మేడమ్.

"విన్నాను మేడమ్."

"విన్నదానికి హాజరు లేదప్పా. చిరుత సంగతి పేపరోళ్లు చూసుకుంటారు. నీ గడప కింద ఏముండాదో నువ్వు చూడు."

నాకూ ఒక గడ్డురోజు వచ్చింది. జోరువాన, ఆటోలో ముడుచుకుని వచ్చాను, ఏమీ చూడలేదు. నా వంతుకు దోమ కూడా అయిపోయింది. నిలబడి దిక్కులు చూస్తుంటే కిటికీ చువ్వ మీద గోరంత సాలీడు కనబడింది. ఊపిరి పీల్చుకుని చెప్పాను.

"ఏం చేస్తా ఉండాది?" ఎవరేం చెప్పినా ఆవిడ అడిగే ప్రశ్న అది.

"నన్నే చూస్తా ఉండాది మేడమ్."

ఆవిడ వచ్చి నా పక్కన నిలబడి చూశారు. "దానికి ఎనిమిది కండ్లు. నువ్వు రెండింటితోనే కనిపెట్టినావు" అన్నారు. ఆ మెప్పు ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉంది.

పరీక్ష గట్టెక్కాను, ఉద్యోగమూ వచ్చింది. నాయన మాత్రం పూలబుట్ట విప్పేటప్పుడు నన్ను పిలుస్తాడు. "సూడుమ్మా, ఈపొద్దు పూలతో ఏమేం పురుగులు వచ్చినాయో."

మొన్న ఆదివారం అదే క్లాసురూములో అందరం కలిశాం. బల్ల మీద మేడమ్ ఫొటో, దానికి నాయన కట్టిచ్చిన మల్లెదండ. ఎవరో పాత వరుసలోనే పేర్లు పిలవడం మొదలుపెట్టారు. కాకి, ఉడుత, తూనీగ అంటూ ఒక్కొక్కరే లేచి చెప్పి కూర్చున్నారు. చివరికి నేను లేచాను.

"పచ్చపురుగు మేడమ్. దండలో ఉండాది."

ఏం చేస్తా ఉండాదని ఎవరూ అడగలేదు. నేను కూర్చోలేదు. పురుగు మల్లెల మీంచి మెల్లగా ఫొటో అద్దం మీదికి పాకుతోంది.