మంచులో మిరప మడి

రాంగెల్ గారికి ఒకే ఒక్క పిచ్చి. మంచు పడడం మొదలైతే చాలు, వసంతంలో వేయబోయే తోటను కాగితం మీద గీయకుండా ఉండలేరు.

కాగితమంటే మామూలు కాగితం కాదు, గోడలకు అంటించగా మిగిలిన పూల కాగితపు చుట్ట. దాని వెనకవైపు నాలుగు మూరల తోట. చంకలో ఆ చుట్ట, చెవి మీద పెన్సిలు, జేబులో రబ్బరు ముక్క. డిసెంబరు నుంచి మార్చి దాకా గోరిచెవో ఊరివాళ్ళు ఆయన్ని మరో వేషంలో చూసి ఎరగరు.

ఆ పిచ్చి భారమంతా పక్కింటి డోబ్రా మీద పడేది. రోజూ మధ్యాహ్నం మూడయ్యేసరికి తలుపు దబదబలాడేది.

"డోబ్రా! పొయ్యి వెలిగించావా? వేళ్ళు కొంకర్లు పోతే గీత వంకర పోతుంది."

"మీ ఇంట్లో పొయ్యి లేదా అన్నయ్యా?"

"పొయ్యి ఉంది. బల్ల చిన్నది."

భర్త స్టామెన్ పోయాక డోబ్రాకు దుప్పటి కప్పుకుని ఓ రొట్టె ముక్క నములుతూ చలికాలం వెళ్ళదీయాలనే ఉండేది. కానీ మనిషి వచ్చాక పొయ్యి వెలిగించక తప్పదు. వెలిగించాక, దండగ ఎందుకని, చిక్కుడు గింజల సూపు ఎక్కించేది. ఉడికాక పెట్టక తప్పదు. ఆయన రెండు గిన్నెలు తాగి, ఉప్పు చాలలేదనేవారు.

"టమాటాలు ఎక్కడ వేద్దామంటావ్?"

"కుళాయి పక్కన."

"కుళాయి పక్కనా! అవేమన్నా బాతులా?"

"అయితే గోడ వారన వేసుకోండి."

"గోడ వారనా! ఊపిరాడక చస్తాయి!"

అడగడం, తిట్టడం, చెరపడం. ఫిబ్రవరికల్లా కాగితం చిల్లులు పడేది.

"ఉల్లి మడిలో బావి తవ్వారా అన్నయ్యా?" అని డోబ్రా నవ్వేది.

ఒకసారి క్యాబేజీ దగ్గర మాటా మాటా పెరిగి ఇద్దరూ రెండు రోజులు మాట్లాడుకోలేదు. ఆ రెండు రోజులూ కూడా ఆయన సరిగ్గా మూడింటికి వచ్చి, మూతి ముడుచుకుని గీసుకుని, సూపు తాగి వెళ్ళారు.

స్టామెన్ పోయాక వచ్చిన పదకొండో చలికాలంలో రాంగెల్ గారు వాకిట్లో మంచు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నారు. మొదటి రోజు మూడింటికి తలుపు చప్పుడు కాలేదు. "హమ్మయ్య" అనుకుంది డోబ్రా. రెండో రోజు పొయ్యి వెలిగించడానికి చేతులు రాలేదు. మూడో రోజు ఉండబట్టలేక సూపు కాచి, గిన్నె పట్టుకుని బయల్దేరింది.

ఆయన భార్య నెవెనా తలుపు తీసింది.

"పటం మధ్యలో ఆగిపోయిందని అన్నయ్య బెంగపెట్టుకున్నారా వదినా?"

"పటమా?" నెవెనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నలభై ఏళ్ళుగా మా టమాటాలు గోడ వారనే, మిరప కుళాయి పక్కనే. అంగుళం జరిగితే ఒట్టు. ఈ ఇంట్లో ఆ కాగితం విప్పగా నేనెప్పుడూ చూళ్ళేదు."

"మరి మా ఇంటికెందుకు..."

నెవెనా గొంతు తగ్గించింది. "స్టామెన్ పోయిన ఏడు మీ పొగగొట్టంలోంచి పొగ రావడం లేదని మూడు రోజులు కిటికీ దగ్గరే నిలబడ్డారు. నాలుగో రోజు అటక మీంచి ఆ చుట్ట దించారు. నేను చెప్పానని అనకు తల్లీ, అలిగి కూచుంటారు."

డోబ్రా కాసేపు గుమ్మంలోనే నిలబడి, ముక్కు తుడుచుకుని లోపలికి వెళ్ళింది.

"అన్నయ్యా, ఈ ఏడు నా తోట నాకే అంతుపట్టడం లేదు. కాస్త గీసిపెడతారా?"

మంచం మీద రాంగెల్ గారి మొహం విప్పారింది. "పదకొండేళ్ళుగా అన్నీ తప్పే వేస్తున్నావ్! ఏదీ, పెన్సిలివ్వు!"

ఆ చలికాలమంతా మూడింటికి ఆమే వెళ్ళింది. ఆయన ఆమె మిరప మడిని తీసుకెళ్ళి అక్రోటు చెట్టు కింద పెట్టారు.

"అక్కడంతా నీడ కదా..."

"నీడే కావాలి! మధ్యాహ్నం మిరపకు కునుకు పట్టాలి!"

డోబ్రా వసంతంలో అచ్చం అలాగే నాటింది. ఆగస్టు వెళ్ళినా చెట్టుకో కాయ పడలేదు.

సెప్టెంబరులో వీధివీధంతా చలికాలపు నిల్వకని మిరపకాయలు కాల్చే వాసన కమ్ముకున్నప్పుడు, ఆమె సంతకు వెళ్ళి, అరచేతికి మించిన ఎర్రటి కాయలు ఏరి బుట్ట నింపి, రాంగెల్ గారి ముందు పెట్టింది. ఆయన ఊతకర్ర పక్కన పెట్టి, ఒక కాయ చేతిలో తూచి చూశారు.

"చూశావా? నే చెప్పలా?"

"మీరు చెప్పినట్టే, అన్నయ్యా."

నెవెనా బుట్ట వంటింట్లోకి తీసుకెళ్ళి, ఒక కాయ తొడిమకు అంటుకున్న సంతవాడి చీటీని ఊడబీకి పొయ్యిలో పడేసింది.